మొదట చెప్పినవాడిదే పేరు

మార్చి 3, సోమవారం

కొత్త స్టోరేజీ పెట్టె వచ్చింది. పెట్టె అంటే పెట్టె కాదు, నిలువెత్తు బీరువా. దాన్ని లిఫ్టులోకి తోయడానికి నలుగురు మనుషులు, పక్కన నిలబడి "మెల్లగా, మెల్లగా" అనడానికి మా మేనేజరు. ఈయన్ని ఆఫీసులో అందరం "చూద్దాంలే" అనే పిలుస్తాం. ఏది అడిగినా ఆయన సమాధానం అదే. జీతం పెంచమంటే చూద్దాంలే, ఏసీ నీళ్ళు కారుతోందంటే చూద్దాంలే. రేపు ప్రళయం వచ్చినా అదే అంటాడు, చూడ్డానికి మాత్రం ఎవరూ మిగలరు.

మా ల్యాబు శాఖలన్నిటిలో చేసే రక్తపరీక్షలు, స్కానింగులు, ఎక్స్‌రేలు ఇక ఇందులోనే ఉంటాయి. సర్వర్ల నుంచి ఈ పెట్టె దాకా రెండు దారులు వెయ్యాలి. ఒకటి తెగితే రెండోది బరువంతా మోయాలి. ఆ పని నా నెత్తిన పడింది.

ఇంటికొచ్చేసరికి అమ్మ మళ్ళీ మొదలుపెట్టింది. గుండెలో కవాటం మార్చాలని డాక్టరు చెప్పి నెల దాటింది. అమ్మది ఒకటే పాట. "పెద్దోడు నాతో ఒక్క మాట మాట్లాడాలి. అప్పుడే ఆ బల్ల ఎక్కుతా. లేదంటే ఇలాగే పోతా. నాకేం భయం?"

నాకు భయం. అది అడిగేవాళ్ళు లేరు.

వరండాలోకి వెళ్ళి అన్నయ్యకు ఫోన్ చేశాను. ఈ నంబరు నాకు మాత్రమే ఇచ్చాడు, అమ్మకి ఇవ్వనని ఒట్టు పెట్టించుకుని మరీ.

"ఒక్కసారి మాట్లాడన్నయ్యా. రెండు నిమిషాలు."

"నాన్న పోయినప్పుడు నాకెప్పుడు చెప్పార్రా? అంతా అయిపోయాక. నాన్న మొహం కూడా చూడనివ్వలేదు ఆవిడ. ఇప్పుడు నేనేం మాట్లాడాలి?"

"నీ మంచికే అనుకుంది..."

"అదే వద్దన్నా. నా మంచి ఎవరూ చూడొద్దు." పెట్టేశాడు.

 ఆరేళ్ళ కిందట నాన్న ఆస్పత్రిలో ఉన్న ఆ పది రోజులూ అమ్మ మా అందరి నోళ్ళూ కట్టేసింది. పెద్దోడు ఆ సిమెంటు ఫ్యాక్టరీలో కొత్తగా చేరాడు, చెప్తే కంగారుపడి పరిగెత్తుకొస్తాడు, ఉద్యోగం ఊడుతుంది అని. మా ఇంట్లో అంతే. ఎవరు బాధపడతారో వాళ్ళకి తప్ప వీధి వీధంతా తెలుస్తుంది. నేను పదో తరగతి తప్పిన సంగతి మా నాన్నకి పాలవాడు చెప్పాడు.

మార్చి 5

ఈరోజు పరీక్ష చేశాను. పెట్టె వెనక కేబుల్ తగిలించే చోటుని పోర్టు అంటారు. ఒక పోర్టుకున్న కేబుల్ పట్టుకుని లాగేశాను. చూద్దాంలే మొహం పాలిపోయింది. ఏమీ కాలేదు! ల్యాబులో ఒక్క స్కానింగు కూడా ఆగలేదు. సర్వర్లకి అసలు తెలియనే లేదు.

ఇందులో ఉన్న తమాషా ఏమిటంటే, ప్రతి పోర్టుకీ ఒక పేరుంటుంది. పేరంటే పొడుగాటి అంకె. సర్వరు ఆ పేరు పెట్టి పిలుస్తుంది, పోర్టు పలుకుతుంది. ఒక పోర్టు చచ్చిపోతే జతలో ఉన్న రెండో పోర్టు తన పేరుతో పాటు చచ్చినదాని పేరు కూడా పెట్టుకుని, రెండు పిలుపులకీ తనే పలుకుతుంది. పిలిచినవాళ్ళకి తేడా తెలియదు. తెలియకుండా ఉండటమే దాని గొప్ప.

చివర్లో స్విచ్, అంటే సర్వర్లకీ పెట్టెకీ మధ్య పిలుపులు అందించే మిషను, ఒక ప్రశ్న వేస్తుంది. ఒకే పేరు చెప్పుకుంటూ ఇద్దరు వస్తే ఎవరిని ఉంచాలి, ముందు వచ్చినవాడినా, వెనక వచ్చినవాడినా? ముందు వచ్చినవాడినే అని పెట్టాను. దొంగ ఎప్పుడూ వెనకే వస్తాడు కదా.

చూద్దాంలే భుజం తట్టి "శెభాష్" అన్నాడు. ఆయన నోట ఇంకో మాట విన్న మొదటివాణ్ణి నేనే అయ్యుంటాను.

మార్చి 6

డాక్టరు ఫోన్ చేశాడు. ఇక సాగదీయొద్దన్నాడు. మెట్లు ఎక్కనివ్వొద్దు, కంగారు పెట్టొద్దు అన్నాడు. మా అమ్మని కంగారు పెట్టొద్దట. పొయ్యి మీద పాలకి పొంగొద్దని చెప్పాలి.

మార్చి 10, సోమవారం

ఏం రాయాలో తెలియడం లేదు.

నా ఫోన్ చార్జింగ్ అయిపోయింది. మధ్యాహ్నం మాత్ర వేసుకుందో లేదో కనుక్కుందామని సర్వర్ల గదిలోంచి డ్యూటీ ఫోన్‌తో అమ్మకి చేశాను. ఆ డ్యూటీ ఫోన్ ఆఫీసుది. మిషన్లకి ఏమైనా అయితే మోగుతుంది. వంతులవారీగా ఉంచుకోవాలి, కానీ అందరి వంతూ నాదే.

"ఎవరూ?" అంది.

"నేనేనమ్మా."

 ఆ గదిలో ఫ్యాన్ల హోరు. పక్కనున్న మనిషి మాటే వినపడదు.

"పెద్దోడా?" అంది.

కాదమ్మా అనాలి. నోట్లో ఉంది ఆ మాట. మా ఇద్దరి గొంతూ ఒకటే. చిన్నప్పుడు నాన్న ఫోన్ ఎత్తగానే ముందు "ఎవడ్రా నువ్వు" అని అడిగి, ఆ తర్వాతే తిట్టేవాడు. కాదమ్మా, చిన్నోణ్ణి అంటే అయిపోయేది.

"మాట్లాడు నాన్నా. నువ్వేనా? ఒక్క మాట మాట్లాడు" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. నాతో ఎప్పుడూ అలా మాట్లాడలేదు.

"ఆఁ" అన్నాను.

ఇంక ఏడుపు. ఆ ఏడుపులోనే తిన్నావా అని అడిగింది. ఏమిటిరా ఆ హోరు అంది. ఫ్యాక్టరీ అమ్మా అన్నాను. అది మాత్రం ఎంత సులువుగా వచ్చిందో.

మార్చి 11

మళ్ళీ చెయ్యను. ఒకసారి అయింది, అయిపోయింది. అన్నయ్య ఎలాగూ చెయ్యడు, పదిరోజులు పోతే మళ్ళీ పాత కథే.

మార్చి 12

చేశాను. పొద్దుట్నుంచీ అమ్మ ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుందని మా ఆవిడ చెప్పింది. ఏం చెయ్యమంటారు?

మార్చి 16, ఆదివారం

ఇంట్లో పండగలా ఉంది. అమ్మ తనే లేచి వంటింట్లోకి వచ్చింది. మా ఆవిడ నోరు తెరుచుకుని చూసింది.

"మీ అన్నయ్య ఎంత మారిపోయాడో తెలుసా" అంది అమ్మ, నా కంచంలో వడ్డిస్తూ. "రోజూ అడుగుతున్నాడు. మాత్ర వేసుకున్నావా, కాళ్ళ వాపు తగ్గిందా, నిద్ర పట్టిందా అని. నువ్వు ఒక్కనాడైనా అడిగావా?"

"నేను ఇంట్లోనే ఉంటాను కదమ్మా."

"ఉంటే? గోడ కూడా ఇంట్లోనే ఉంటుంది."

మా ఆవిడ పకపకా నవ్వింది.  ఇంతకన్నా వింత ఉంటుందా, నాతో నేనే పోల్చుకుని నేనే ఓడిపోతున్నాను. మంట పుట్టింది. నిజంగా మంట. అక్కడ వాడు, అంటే నేను, అంత తియ్యగా ఎందుకు మాట్లాడాలి?

అన్నయ్య కూతురి గురించి అడుగుతోంది. ఆ పిల్లని అమ్మ నెలల బిడ్డప్పుడు చూసింది. నేనూ అంతే. మొన్న ఏదో చెప్పాలి కాబట్టి ముందు పన్ను ఊడింది అని చెప్పాను. అమ్మకి ఎంత సంబరమో! పై పన్నా, కింది పన్నా అంది. పైదే అన్నాను. పక్కింటావిడకి కూడా చెప్పేసింది. ఇప్పుడు ఆ పన్ను మొలిచేదాకా నాకు తిప్పలు తప్పవు.

మార్చి 19

నేను లాగకుండానే ఒక పోర్టు పోయింది. కేబుల్ తగిలించే చోట ఉండే చిన్న ముక్క కాలిపోయింది. పక్క పోర్టు వెంటనే దాని పేరు పెట్టుకుని పలికేస్తోంది. ల్యాబులో ఎవరికీ తెలియదు. తెరమీద ఒక మూల పసుపురంగు చుక్క, అంతే.

"కొత్త ముక్క తెప్పిద్దాం సార్" అన్నాను.

"నడుస్తోంది కదా?"

"నడుస్తోంది. కానీ ఇప్పుడు ఒక్కదాని మీదే..."

"నడుస్తున్నదాన్ని కెలకడం దేనికి? చూద్దాంలే."

ఆయన్ని తిట్టుకుంటూ వచ్చాను. ఇంత నిర్లక్ష్యం ఏమిటి మనిషికి? రెండోది కూడా పోతే? పైకి అంతా బాగానే ఉంది కదా అని లోపల చచ్చినదాన్ని అలా వదిలేస్తారా ఎవరైనా?

తర్వాత అమ్మకి ఫోన్ చేశాను. పన్ను చోట చిగురు కనపడుతోందని చెప్పాను.

మార్చి 22

ఒప్పుకుంది! ఏప్రిల్ ఎనిమిదిన ఆపరేషన్. డాక్టరు కూడా నమ్మలేదు. "ఎలా ఒప్పించారండీ?" అన్నాడు. మా అన్నయ్య ఒప్పించాడు అన్నాను. నోరు తడబడలేదు.

చూశావా, మంచే జరిగింది. ఇది చెడ్డపని అయితే ఇలా జరిగేదా?

ఆ ఒప్పుకునే ముందు మాత్రం అమ్మ ఒకటి మాట్లాడింది. ఇక్కడ రాసుకుంటే తప్ప నా లోపల అది పడి ఉండదు.

"పెద్దోడా, నీ కాళ్ళు పట్టుకోవాల్సింది నేను" అంది. "మీ నాన్న నీ పేరే కలవరించాడు. పక్కనుండి విని కూడా నేను నీకు చెప్పలేదు. నీ ఉద్యోగం, నీ కంగారు అని ఏవో సాకులు చెప్పుకున్నా. అసలు సంగతి అది కాదు. నువ్వొచ్చి ఏడిస్తే నేను నిలబడలేనని. నా భయంతో నీ నోటికాడిది లాగేసుకున్నా నాన్నా. దాచడమంత పాపం ఇంకోటి లేదు. నన్ను క్షమించానని ఒక్కసారి అను."

ఫ్యాన్లు మోగుతున్నాయి. నేను ర్యాకుల మధ్య కింద కూర్చుండిపోయాను.

"అలా అనకమ్మా" అన్నాను.

"అలా కాదు. క్షమించానను."

అది నాది కాదు ఇవ్వడానికి. అయినా ఇచ్చేశాను. "క్షమించానమ్మా" అన్నాను. పెద్ద ఊపిరి తీసుకుంది. సరే, ఆ డాక్టర్ని కత్తి నూరుకోమను అని నవ్వింది.

ఇంకొకటి. నిన్న ఎవడో బ్యాంకు నుంచి అని చెప్పి అమ్మ చేత నంబర్లు చెప్పించబోయాడట. కంగారుపడి అన్నయ్యకి, అంటే నాకు, చెప్పింది. "ఇదొక్కటే నా నంబరమ్మా. వేరే ఏ నంబరు నుంచి ఎవరు నా పేరు చెప్పినా నమ్మకు. మోసగాళ్ళు గొంతులు కూడా మారుస్తున్నారు. ఏదైనా మన ఇంటి సంగతి అడుగు, చెప్పలేకపోతే పెట్టెయ్" అన్నాను. మంచిమాటే కదా. ఎవరైనా చెప్పే మాటే.

మార్చి 25

మా ఆవిడకి తెలిసిపోయింది. ఆఫీసుకి భోజనం తెచ్చింది, నేను మర్చిపోయానని. సర్వర్ల గది అద్దంలోంచి చూసి తలుపు తీసింది. నేను "అలాగే అమ్మా, పాపకి చెప్తా" అంటున్నాను. మాకు పాప లేదు.

క్యారేజీ కింద పెట్టి, నేను ఫోన్ పెట్టేదాకా అలాగే నిలబడింది.

"బావగారు కాదన్నమాట" అంది.

చెప్పాను. మొదటిరోజు నుంచీ అంతా చెప్పాను. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బావుండేది.

"నిన్న అత్తయ్య ఆయన ఫొటోకి దిష్టి తీయమంది, తీశాను" అంది. "ఎవరికి తీశానండీ నేను?"

ఆపరేషన్ కాగానే చెప్పేస్తాను అన్నాను. ఒట్టు పెట్టమంది. పెట్టాను.

మార్చి 28

ముక్క మార్చి రెండు రోజులైంది. ఎట్టకేలకు తెప్పించారు. పచ్చ దీపం వెలిగింది, చూసి వెళ్ళిపోయాను. ఈరోజు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి పెట్టెలో ఉండే రెండు సగాల్లో పక్క పోర్టున్నదాన్ని ఆపి మళ్ళీ నడపాలి. బాగైనది ఉంది కదా, అది మోస్తుంది అని ఆపాం. మొత్తం ఆగిపోయింది.

ల్యాబు ముందు జనం బారులు. కడుపు మాడ్చుకుని రక్తం ఇవ్వడానికి వచ్చిన ముసలివాళ్ళు, రిపోర్టు లేకపోతే డాక్టరు చూడనన్నవాళ్ళు. ఒకాయన కౌంటరు బల్ల మీద గుద్దుతున్నాడు. చూద్దాంలే నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి ఒక్కసారి కూడా చూద్దాంలే అనలేదు.

తీరా చూస్తే ఇదీ సంగతి. పాత పోర్టు బాగై తిరిగొచ్చి, ఇది నా పేరు అంది. పక్క పోర్టు ఆ పేరు ఇంకా వదల్లేదు. స్విచ్ ఇద్దర్నీ చూసింది. ముందు వచ్చినవాడిదే పేరు అని నేను పెట్టాను కదా. అసలుదాన్ని దొంగ కింద లెక్కగట్టి తలుపు మూసేసింది. దీపం మాత్రం వెలుగుతూనే ఉంది. రెండు రోజుల నుంచి అది బయటే నిలబడి ఉంది, ఎవరూ చూడలేదు.

సెట్టింగు మార్చాను. ఒక్క వరుస టైపు చేస్తే అయిపోయింది. అసలుది లోపలికొచ్చింది, అంతా నడిచింది.

"ఎంత పనైందయ్యా. ముందే చూసుకోవద్దూ?" అన్నాడు చూద్దాంలే. ఈయనా నాకు చెప్పేది!

టైపు చేసిన ఆ ఒక్క వరుసనే మళ్ళీ మళ్ళీ చదువుతూ కూర్చున్నాను. పొద్దున్నుంచి ఏమీ తినలేదు కదా, అందుకే.

ఏప్రిల్ 2, బుధవారం

ఇంటికి రాగానే అమ్మ గుమ్మంలోనే పట్టుకుంది. మొహం వెలిగిపోతోంది.

"ఈరోజు ఒక దొంగవెధవని పట్టుకున్నా తెలుసా" అంది. "ఫోన్ చేసి అమ్మా, నేను పెద్దోణ్ణి అంటాడు! కొత్త నంబరు. నాకు వెంటనే అనుమానం. గొంతు కూడా మీ అన్నయ్యది కాదు, ఏదో బొంగురుగా ఉంది."

కూర్చున్నాను.

"నువ్వు పెద్దోడివైతే నీ కూతురికి ఏ పన్ను ఊడిందో చెప్పు అన్నా. పన్నేమిటమ్మా అంటాడు. దొరికిపోయాడు! ఇంక చూడు, కడిగిపారేశా. నా పెద్దకొడుకు రోజూ నాతో మాట్లాడతాడ్రా, నీలాంటివాళ్ళ గురించి వాడు ముందే చెప్పాడు, సిగ్గులేదా ముసలిదాన్ని ఏడిపించడానికి, ఫోన్ పెట్టు అన్నా."

"వాడేమన్నాడు?"

"ఏమంటాడు? అమ్మా అమ్మా అని ఏడుపు నటించాడు. ఎంత బాగా ఏడ్చాడనుకున్నావు, అసలువాడు కూడా అలా ఏడవడు. మళ్ళీ చెయ్యకుండా ఆ నంబరు ఆపేయించా, పక్కింటి అమ్మాయి చేత."

మా ఆవిడ వంటింట్లోంచి చూస్తోంది. నేను ఆమె వైపు చూడలేదు.

అన్నయ్య నుంచి మెసేజ్ వచ్చి ఉంది. మధ్యాహ్నం నుంచీ ఉంది, నేను చూసుకోలేదు. "నువ్వు చెప్పావని ఇన్ని రోజులు ఆలోచించి ఇవాళ అమ్మకి చేశాను. నన్ను దొంగ అంది. రోజూ మాట్లాడే పెద్దకొడుకు ఉన్నాడట ఆవిడకి. నిన్నే పెద్దకొడుకు అనుకుంటోందేమో. బాగా కొట్టింది దెబ్బ. సరే రా, నేను చచ్చాననుకుంది, అలాగే కానియ్యి."

తిరిగి రాశాను. "మందుల మీద ఉంది అన్నయ్యా. పట్టించుకోకు. తర్వాత మాట్లాడదాం."

ఆపరేషన్ సంగతి రాయలేదు. రాస్తే వచ్చేస్తాడు. వస్తే అమ్మ ఎదురుగా నిలబడతాడు, అంతా తెలిసిపోతుంది, అమ్మ గుండె ఆగిపోతుంది. కంగారు పెట్టొద్దని డాక్టరే చెప్పాడు. నా కోసం కాదు.

ఏప్రిల్ 4

"అత్తయ్యకి చెప్పేయండి" అంది మా ఆవిడ.

"ఆపరేషన్ అయ్యాక."

"అప్పటికి ఏమవుతుందో ఎవరికి తెలుసు? ఆయన కన్నకొడుకండీ."

"నేను కాదా?"

"మీరూ కొడుకే. మిమ్మల్ని కాదన్నదెవరు? ఆయన చోట మీరు కూర్చున్నారని అంటున్నా."

"అయితే నువ్వే చెప్పు. చెప్పి, ఆవిడ అక్కడికక్కడే పడిపోతే నువ్వే చూసుకో."

అలా అనకూడదు. అన్నాను. మా ఆవిడ ఆ తర్వాత నోరు విప్పలేదు. ఇవాళ్టికి ఇంట్లో రెండు నోళ్ళు మూతపడ్డాయి, అమ్మది ఒక్కటే వినిపిస్తోంది. పెద్దోడు ఇలా అన్నాడు, పెద్దోడు అలా అన్నాడు.

అంటే మా అమ్మ అప్పుడు చేసిందే నేను ఇప్పుడు

లేదు. అది వేరు, ఇది వేరు. ఇది ఆపరేషన్ దాకానే.

ఏప్రిల్ 7

ఆస్పత్రిలో చేర్చాం. గది బాగుంది, కిటికీలోంచి పార్కింగు కనపడుతుంది. అమ్మ ప్రతి కారునూ చూస్తోంది.

"వాడు వస్తానన్నాడు కదా. బయల్దేరి ఉంటాడా? చెయ్యి ఒకసారి."

నువ్వే చెయ్యమ్మా అన్నాను. కాఫీ తాగొస్తానని చెప్పి బయటికొచ్చి మెట్ల దగ్గరికి పరిగెత్తాను. జేబులో మోగుతోంది. ఇక్కడ ఫ్యాన్ల హోరు లేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడాను.

"ఎక్కడున్నావు నాన్నా?"

"దారిలో ఉన్నానమ్మా."

"నేను లేచేసరికి ఉంటావా?"

"ఉంటాను."

"చిన్నోడు బాగా చూసుకుంటున్నాడు నన్ను. వాడికి పైకి చెప్పడం రాదు కానీ. వాడి మీద కోపం పెట్టుకోకు. మీరిద్దరూ ఒకళ్ళకొకళ్ళు ఏదీ దాచుకోవద్దు. విన్నావా?"

విన్నానన్నాను.

ఇప్పుడే అసలువాడికి ఫోన్ చేద్దామని నంబరు తీశాను. రైలూ బస్సూ కలిపి ఎంత తొందరపడ్డా రేపు రాత్రికి గానీ రాలేడు. ఎలాగూ ఆపరేషన్ ముందు చూడలేడు కదా. అయ్యాకే, అమ్మ లేచిందన్న మంచి కబురుతోనే చెబుదామనుకున్నాను.

ఏప్రిల్ 8

లోపలికి తీసుకెళ్ళారు. తలుపు దాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. నా కోసం కాదు.

ఏప్రిల్ 9

ఆపరేషన్ బాగానే అయిందన్నారు. సాయంత్రం లోపలికి వెళ్ళనిచ్చారు. నోట్లో గొట్టం. కళ్ళు తెరిచింది. నన్ను చూసింది, చెయ్యి నొక్కింది. తర్వాత నా భుజం మీదుగా తలుపు వైపు చూసింది. మళ్ళీ నన్ను చూసింది. అడుగుతోంది.

"వస్తున్నాడమ్మా" అన్నాను. అది నా గొంతుతోనే అన్నాను.

బయటికొచ్చి అన్నయ్యకి ఫోన్ చేశాను. "ఆపరేషన్ అయింది. నువ్వు రా. తొందరగా రా" అన్నాను.  "అయిందా?" అన్నాడు. "అయ్యాక చెప్తున్నావా నువ్వు కూడా?" అని మాత్రం అన్నాడు. బయల్దేరాడు.

ఏప్రిల్ 10

తెల్లారుజామున రక్తం గడ్డకట్టి మెదడుకి పోయిందట. ఏదో చెప్పారు డాక్టర్లు. నాకేమీ అర్థం కాలేదు. అమ్మ లేదు.

ఏప్రిల్ 11

అన్నయ్య వచ్చాడు. ఈసారి మొహం చూశాడు. చూడటం తప్ప ఏముంది.

ఏప్రిల్ 23

ఇన్నాళ్ళూ రాయలేదు.

కర్మ అయిపోయి బంధువులంతా వెళ్ళిపోయారు. అన్నయ్య రేపు వెళ్తాడు. మధ్యాహ్నం అమ్మ గదిలో మంచం మీద కూర్చున్నాడు. నేను బట్టలు సర్దుతున్నాను. వాడు బాగా చిక్కిపోయాడు. గొంతు నిజంగానే బొంగురుపోయింది, ఆ సిమెంటు దుమ్ముకి. ఇన్నేళ్ళలో ఆ గొంతు అలా మారిందని ఫోన్‌లో విని కూడా నేను పట్టించుకోలేదు. అమ్మ గుర్తుపెట్టుకున్న గొంతు ఇప్పుడు నా దగ్గరే ఉంది.

"ఒరేయ్" అన్నాడు. "ఆ రోజు నాతో అలా ఎందుకు మాట్లాడిందిరా? పన్ను అంటుంది, రోజూ మాట్లాడతాడంటుంది. కోపంతోనా?"

గుమ్మంలో మా ఆవిడ నీళ్ళ గ్లాసుతో నిలబడింది. నన్నే చూస్తోంది. చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం రాదని నాకు తెలుసు. అమ్మ నిన్ను క్షమించమని అడిగింది. నీ కాళ్ళు పట్టుకోవాలంది. నాన్న నీ పేరే కలవరించాడని చెప్పింది. నువ్వు క్షమించావని విని, ఆ ధైర్యంతోనే బల్ల ఎక్కింది. వాడికి రావలసినవన్నీ నా దగ్గర ఉన్నాయి. కానీ అవి ఇవ్వాలంటే, నాకెలా వచ్చాయో చెప్పాలి.

"కోపం కాదన్నయ్యా" అన్నాను. "అప్పటికే మతి సరిగ్గా లేదు. మనుషుల్ని గుర్తుపట్టేది కాదు."

మా ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

అన్నయ్య తల ఊపాడు. కాస్త తేలిక పడ్డట్టే కనిపించాడు. అమ్మ దుప్పటి మడత సరిచేసి, మళ్ళీ అడిగాడు.

"మతి బాగున్నప్పుడైనా, నా గురించి ఏమైనా అందా రా? ఏదైనా ఒక్క మాట."

"లేదు" అన్నాను.

"అనదులే" అన్నాడు. దుప్పటి తీసి బీరువాలో పెట్టాడు.